మగ్గాలు ఆగిన మూడు రోజులు

సూరత్ నగరంలోని లింబాయత్ పేటలో దీపావళి వచ్చిందన్న సంగతి కళ్లకంటె ముందు చెవులకు తెలుస్తుంది. ఏడాది పొడుగునా రాత్రింబవళ్లు టకటకలాడే మరమగ్గాలు ఒక్కొక్క షెడ్డులో ఆగుతూ వస్తాయి. చివరి షెడ్డు కూడా మూతపడిన నాటి రాత్రి ఆ వీధులలో కుక్క మొరిగినా, పక్కింటి పసిపిల్ల ఏడ్చినా స్పష్టంగా వినిపించి, ఊరే మారిపోయిందా అనిపిస్తుంది. లాభపంచమినాడు పూజ చేసి మరల మగ్గాలు తిప్పేవరకు, ఒక్కొక్కసారి అంతకు మించి మరికొన్నాళ్లు, కార్మికులకు అదే సెలవు. సంవత్సరంలో అంత పెద్ద సెలవు వారికి మరొకటి లేదు.

ఆ మగ్గాల మధ్య తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. తెలంగాణలోని కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో వచ్చి లింబాయత్‌లోను, ఉధ్నాలోను, ఆ చుట్టుపట్ల పేటలలోను స్థిరపడ్డాయి. బతుకమ్మలు ఆడతారు. మార్కండేయుని పూజిస్తారు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. ఒకనాడు మొగలు చక్రవర్తులకు ప్రధాన రేవుగా వెలిగి, 1664లోను 1670లోను శివాజీ దాడులకు గురి అయిన ఈ సంపన్న నగరం, ఈనాడు దేశానికి చవక చీరలు నేసి ఇస్తున్నది. ఆ నేతలో తెలుగువారి చేతులు ఎన్నో.

ఆ చేతులలో ఒక జంట కథ ఇది. అతనికి నలభై తొమ్మిది ఏండ్లు. ధర్మపురికి సమీపాన గోదావరి ఒడ్డున ఒక పల్లె అతనిది. 1994లో ప్లేగు భయంతో సగం సూరత్ ఖాళీ అయినప్పుడు, వెళ్లినవారందరూ తిరిగి రాలేదు. మరుసటి ఏడు పనివారి కొరత ఉన్నదని విని అతడు వచ్చాడు. రెండేండ్ల తరువాత మేనమామ కూతురిని పెళ్లాడి తీసుకువచ్చాడు. అతనిది పన్నెండు గంటల షిఫ్టు. ఒక్కడే ఎనిమిది మగ్గాలు చూసుకుంటాడు. ఆమె ఇంటి వద్ద చీరలకు వేలాడే పోగులు కత్తిరిస్తుంది, అంచులకు మెరుపు రాళ్లు అంటిస్తుంది. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి నగరం మునిగినప్పుడు రెండు రాత్రులు మేడ మీద గడిపారు. కూతురిని చదివించి పెళ్లి చేశారు. ఇరవై ఏడేండ్లలో వారు చూసిన గుజరాతు మాత్రం ఇంటికీ మగ్గానికీ మధ్యనున్న మైలు దూరమే.

ప్రతి దీపావళికి వారు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వార్ధా, బల్లార్షాల మీదుగా స్వగ్రామం వెళ్లేవారు. 2022లో ఆ అవసరం లేకపోయింది. అంతకుముందు ఏడు అతని తల్లి మరణించింది. ఊరిలో ఇంటికి తాళం పడింది. ఆ తాళం తీసి చేసేదేముందని ఇద్దరూ ఊరుకున్నారు. అప్పుడు కూతురు పట్టుబట్టింది. “పుట్టినకాంచి సూత్తున్న, మీరిద్దరు ఒక్కపూట గూడ ఒక్కకాడ కూసున్నది లేదు. ఈసారన్న ఏడికన్న పోయి రాండ్రి.” ఎక్కడికి పోవాలో కూడా ఆమెయే నిర్ణయించింది: సూరత్‌కు ఆగ్నేయంగా డాంగ్ అడవులు, వాటి అంచున వాంస్‌దా జాతీయ ఉద్యానం, ఆ పైన సాపుతారా కొండ. మూడు రోజులు.

సూరత్ నుండి నేరుగా బస్సులున్నవి. కాని కూతురికి చిన్న రైలు మీద మక్కువ. ముంబయి వెళ్లే ప్రధానమార్గంలో బిలిమోరా స్టేషను వద్ద దిగితే, అక్కడి నుండి వాఘయి వరకు అరవై మూడు కిలోమీటర్ల సన్నపట్టాల మార్గం ఒకటి ఉన్నది. రెండడుగుల ఆరంగుళాల వెడల్పు మాత్రమే గల ఈ పట్టాలు బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ పాలనలో 1913లో పడ్డాయి. ప్రయాణికుల కోసం కంటె డాంగ్ అడవుల టేకు దుంగల కోసమే ఆ శ్రమ అంతా. 2020లో మహమ్మారి వచ్చి రైలు ఆగిపోయింది. నష్టాల మార్గమని శాశ్వతంగా మూసివేయాలన్న ప్రయత్నం కూడా జరిగింది. ప్రజలు ఒప్పుకోలేదు. 2021 సెప్టెంబరులో యాత్రికుల కోసం ఒక చల్లని పెట్టెను కూడా తగిలించి దానిని మరల నడిపించారు.

మన దంపతులు మామూలు పెట్టెలోనే ఎక్కారు. మూటలో జొన్నరొట్టెలు, పచ్చడి, అటుకుల చుడువ. అరవై మూడు కిలోమీటర్లకు ఆ బండి ఇంచుమించు మూడు గంటలు తీసుకుంటుంది. తొందర ఉన్నవారు దానిని ఎక్కరాదు. చెరకు తోటలు, మామిడి తోటలు, సపోటా తోటలు కిటికీకి చేయి చాపితే అందేటంత దగ్గరగా సాగిపోతాయి. చిన్న చిన్న స్టేషన్లలో ఆగినప్పుడల్లా కూరగాయల గంపలతో స్త్రీలు ఎక్కుతారు, దిగుతారు. ఉనాయి వద్ద కొందరు భక్తులు దిగిపోయారు. అక్కడ వేడినీటి బుగ్గలున్నవి. శ్రీరాముడు బాణం వేసి ఆ నీటిని పైకి రప్పించినాడనీ, సీతమ్మ అందులో స్నానమాడినదనీ ఆ ప్రాంతీయుల నమ్మకం. డాంగ్ అడవి దండకారణ్యంలో భాగమనీ, శబరి రాముని కలుసుకొన్నది ఇక్కడనేననీ కూడా వారంటారు. భద్రాచలం పర్ణశాలను చూచి పెరిగిన తెలుగువారు ఈ మాటకు కొంచెం నవ్వుకుంటారు. రాముడు నడచిన దారి పొడవైనది. ఎవరి ఊరి పక్కనుండి పోయినా కాదనేవారెవరు?

ఉనాయి దాటిన తరువాత పొలాలు పలుచనై అడవి మొదలయింది. రైలు వాఘయి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

డాంగ్ జిల్లాకు వాఘయి ముఖద్వారం వంటిది. గుజరాతు అనగానే ఎండిన నేల, ఉప్పుమడులు తలచుకొనేవారికి ఈ ప్రాంతం ఆశ్చర్యం కలిగిస్తుంది. రాష్ట్రంలో వానలు మిక్కిలిగా కురిసే చోట్లలో ఇది ఒకటి. జనాభాలో అత్యధికులు భిల్లులు, కుంకణాలు, వార్లీలు మొదలైన ఆదివాసులు. ఇక్కడి టేకును ఓడల నిర్మాణానికి కోరి ఇంగ్లీషువారు 1842లో భిల్లు రాజుల నుండి అడవులను కౌలుకు తీసుకున్నారు. ఆ కౌలు తాలూకు గౌరవవేతనాన్ని నేటికీ ఆ ఐదు రాజవంశాలవారికి ఏటేటా హోళీకి ముందు, ఆహ్వా పట్టణంలో జరిగే డాంగ్ దర్బారులో ప్రభుత్వం సగౌరవంగా అందజేస్తుంది. సంస్థానాధీశుల రాజభరణాలు 1971లో రద్దయినా ఈ చిన్న రాజుల మర్యాద మాత్రం నిలిచింది.

ఊరి అంచున ఒక చిన్న బసలో వారికి గది దొరికింది. ఆ సాయంత్రం బస యజమానురాలు నాగ్లీ రొట్లా, మినప్పప్పు వడ్డించింది. నల్లగా మందంగా ఉన్న ఆ రొట్టెను తుంచి నోట పెట్టుకోగానే ఆమెకు అర్థమయింది: “గిది తైద రొట్టె గదా!” తెలంగాణలో తైదలు, కోస్తాలో చోళ్లు, రాయలసీమలో రాగులు, డాంగ్‌లో నాగ్లీ. ఇరవై అయిదేండ్లుగా గోధుమ రొట్టెల నగరంలో మరచిపోయిన రుచి ఈ అడవి అంచున దొరికినందుకు ఆమె మరొకటి అడిగి తిన్నది.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది.

దీపం ఆర్పి పడుకున్నారు. కిటికీ అవతల అంతా అడవి. కొంతసేపటికి ఆమె అటు దొర్లి ఇటు దొర్లి, “గీ మోతల నిద్ర ఎట్ల వడ్తది బావా?” అన్నది.

అతడు చీకటిలోకి చూస్తూ పడుకొని ఉన్నాడు. “మోతేంది? నా పుట్టుకల ఇంత సల్లటి రాత్రి సూడలే. సప్పుడే లేదు.”

“కీచురాళ్లు గంతగనం మొత్తుకుంటుంటే ఇనవడ్తలేదా?”

అతడు లేచి కూర్చున్నాడు. కిటికీ వద్దకు వెళ్లి చెవి ఒగ్గి నిలబడ్డాడు. దూరాన ఎక్కడో లారీ ఘాటు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. బసలో ఎవరో దగ్గడం వినిపించింది. కీచురాయి ఒక్కటీ వినిపించలేదు. “ఏడ?” అని అతడు అడిగాడు. ఆమె తొలుత పరిహాసమనుకున్నది. తరువాత మాట్లాడలేదు.

మరమగ్గాల షెడ్డులో శబ్దం దాదాపు వంద డెసిబెళ్ల వరకు ఉంటుంది. ఎనిమిది గంటల పనికి తొంభై డెసిబెళ్లు దాటరాదని మన నిబంధనలు చెబుతాయి. చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే సూక్ష్మమైన కేశకణాలు ఈ తాకిడికి ఒక్కొక్కటే నశిస్తాయి. మనిషిలో అవి మరల మొలవవు. మొదట పోయేది సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులను వినే శక్తి. సాధారణంగా నాలుగు వేల హెర్ట్‌జుల దగ్గర ఆ నష్టం ఆరంభమవుతుంది. కీచురాయి పాట, చిన్న పిట్ట కూత ఉండేది ఆ ప్రాంతంలోనే. మాటలు మాత్రం చాలాకాలం వినిపిస్తూనే ఉంటాయి. కనుక చెవులు పోతున్నాయని మనిషికి తెలియదు. గట్టిగా మాట్లాడుతున్నాడని, టీవీ పెద్దగా పెడతాడని ఇంటివారు విసుక్కుంటారు. షెడ్డులో మాటలతో పని లేదు. తోటివారితో పెదవుల కదలికతోను, చేతిసైగలతోను పని జరిగిపోతుంది. ఇంగ్లండులోని లాంకషైర్ నేతమిల్లులలో కూడా ఒకప్పుడు కార్మికులు ఇట్టి పెదవుల భాషనే కల్పించుకున్నారు. కర్మాగారాల చట్టం ఈ చెవుడును వృత్తివ్యాధుల పట్టికలో చేర్చింది. ఇరుకు సందులలోని చిన్న షెడ్డులవరకు చట్టాలు నడిచి రావడం మాత్రం అరుదు.

మర్నాడు ఉదయం వారు అటవీశాఖవారి అనుమతి పొంది, తోడుగా ఒక స్థానిక మార్గదర్శితో వాంస్‌దా జాతీయ ఉద్యానంలో ప్రవేశించారు. ఆ మార్గదర్శి ఆదివాసి, నడివయస్కుడు. గుజరాతీకి మరాఠీకి మధ్యస్థంగా ఉండే డాంగీలో తాను మాట్లాడతాడు. వారు సూరత్ పేటల హిందీలో బదులిస్తారు. పని జరిగిపోయింది.

జాతీయ ఉద్యానాలలో ఇది చాలా చిన్నది. విస్తీర్ణం ఇరవై నాలుగు చదరపు కిలోమీటర్లు మాత్రమే. సింహాల గిర్‌తో పోల్చితే పదో వంతు కూడా లేదు. అంబికా నది దాని అంచున ప్రవహిస్తుంది. ఈ అడవి ఒకప్పుడు వాంస్‌దా సంస్థానపు రాజుల సొంత ఆస్తి. 1948లో సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమయింది. 1952 నుండి ఇక్కడ చెట్టు నరకలేదని చెబుతారు. 1979లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. డెబ్బయి ఏండ్లు గొడ్డలి తాకని అడవి ఎట్లా ఉంటుందో చూడదలచినవారు ఇక్కడికి రావాలి. పట్టపగలు కూడా నేలమీద ఎండ నాణేల వలె మాత్రమే పడుతుంది. టేకు చెట్ల నడుమ ‘కాటస్’ అనే ముళ్ల వెదురు పొదలు ఇంటి ఎత్తును మించి లేచి, పైన ఒకదానిపై ఒకటి వాలి గోపురాలు కట్టుకున్నాయి.

పులులు ఈ అడవిని విడిచి చాలా కాలమయింది. చిరుతలు ఉన్నవి. కొండగొర్రె, దుమ్ములగొండి, ముళ్లపంది, కొండచిలువ ఉన్నవి. తుప్పురంగు మచ్చల పిల్లి అనే అతి చిన్న అడవిపిల్లి కూడా ఉన్నది. అది పెరిగినా ఇంచుమించు కిలోన్నరే ఉంటుంది. భారతదేశం, శ్రీలంక, నేపాల్ తప్ప మరెక్కడా అది కానరాదు. పగటివేళ నడిచిపోయే యాత్రికునికి ఇవేవీ కనిపిస్తాయన్న హామీ లేదు. కనిపించేవి చెట్లు, చెట్లను చూడనేర్చినవారికి ఆ నడక చాలు.

ఆమె చూడనేర్చినది. మార్గదర్శి ఒక ఆకును తుంచి “టిమ్రూ” అన్నాడు. ఆమె దానిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, “తునికాకు” అన్నది. పెళ్లికి ముందు ఊరిలో వేలకొలది బీడీలు చుట్టిన వేళ్లవి. మరికొంత దూరాన అతడు “ఖాఖరో” అంటే ఆమె మోదుగ అన్నది, “మహుడో” అంటే ఇప్ప అన్నది. ఒక పెద్దచెట్టు మొసలి చర్మంవంటి బెరడును తట్టి అతడు “సాదడ్” అనగా, ఈసారి భర్త నల్లమద్దిని గుర్తుపట్టాడు. ఆ తరువాత అది ఆటగా మారింది. మార్గదర్శి తన పేరు చెప్పడం, వీరు తమ పేరు వెదకడం. ఇన్నేండ్లు పరాయి రాష్ట్రమనుకున్న చోట చెట్లన్నీ తమ ఊరివే అయినాయి. అందులో వింత లేదు. గోదావరి ఒడ్డు టేకు అడవీ ఈ టేకు అడవీ ఒక్క కోవకు చెందినవే.

ఒకచోట దారిలోని మెత్తని ధూళిపై చిరుత అడుగు పడి ఉన్నది. ముందునాటి రాత్రిదని మార్గదర్శి అన్నాడు. అంతలో పైన కొమ్మలలో కొండముచ్చు గొంతు చించుకొని దగ్గినట్లు అరచింది. ముగ్గురూ ఆగారు. బొంగురుగా ఉన్న ఆ హెచ్చరిక అతనికి బాగా వినిపించింది. ఆ వెంటనే మార్గదర్శి వేలు పైకెత్తి, మరేదో వినమని సైగ చేశాడు. ఆమె ముఖం విప్పారింది. సన్నని ఈల వంటి కూత ఏదో ఒక పిట్టది, వెదురు గుబురులో నుండి వస్తున్నది. అతడు ఆమె ముఖంవంక, తరువాత గుబురువంక చూశాడు. ఆకు కదలడం చూశాడు. పిట్టను కూడా చూశాడు. దాని గొంతు క్రింద ఈకలు అదరడం చూశాడు. మగ్గం మీద తెగిన పోగును చూపుతోనే పట్టే మనిషి కనుక, వారిద్దరికీ కనపడనిది అతనికి ముందు కనపడింది. పిట్ట కూస్తున్నదని అతనికి కళ్లతో తెలిసింది.

ఆమె మెల్లగా అతని చేయి పట్టుకొని, ఆ కూత ఎప్పుడు లేస్తే అప్పుడు అరచేతిలో వేలితో నొక్కింది. మార్గదర్శి మర్యాదస్థుడు, మరో వైపు తిరిగి బీడీ వెలిగించబోయి, ఉద్యానంలో ఉన్నానని జ్ఞాపకం వచ్చి జేబులో పెట్టుకున్నాడు.

అపరాహ్ణం ఊరివైపు మరలిరాగా ఒక గుడిసె ముందు కోట్వాలియా స్త్రీ ఒకతె వెదురు బుట్ట అల్లుతూ కనిపించింది. కోట్వాలియాలు తరతరాలుగా వెదురు పనినే నమ్ముకున్న చిన్న తెగ. ఆమె బొంగును నిలువునా చీల్చి, కాలి బొటనవేలితో నొక్కిపట్టి, కత్తితో దానిని కాగితమంత పలుచని బద్దలుగా లాగుతున్నది. పచ్చని బద్దలు నిలువుకు, తెల్లని బద్దలు అడ్డానికి. సాలెవానికి వేరే చెప్పాలా? అతడు అక్కడే కూర్చుండిపోయాడు. ఇది పడుగు, అది పేక. రెండు పైకి, రెండు క్రిందికి, వరుస వరుసకు ఒకటి జరుగుతూ ఏటవాలు గీత. తాను ఏండ్ల తరబడి యంత్రం మీద తీసిన నేతనే ఆమె వేళ్లతో తీస్తున్నది. “సాంచ లేదు, సప్పుడు లేదు” అని భార్యతో అన్నాడు. సిరిసిల్ల, కరీంనగర్ సీమలవారు మరమగ్గాన్ని సాంచ అంటారు. తాతలనాడు తమ ఇంట్లోనూ గుంటమగ్గం ఉండేదని, నాడె పోయేటప్పుడు ఇంతే మెత్తగా చప్పుడయ్యేదని అతడు చెప్పగా, ఆమె ఆ మాట మొదటిసారి విన్నది. పాతికేండ్ల కాపురంలో చెప్పుకోని మాటలు ఎన్నో ఉంటాయి. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవానికి మాట్లాడే ఓపిక ఎక్కడిది?

ఒక చేట, ఒక చిన్న బుట్ట కొన్నారు. చెప్పిన ధర ఇచ్చారు. సూరత్ బజారులో పైసాపైసాకు బేరమాడే ఇల్లాలు ఇక్కడ నోరెత్తలేదు.

వాఘయికి దగ్గరలోనే గిరా జలపాతం ఉన్నది. వానకాలంలో దాని హోరు చాలా దూరం వినిపిస్తుందంటారు. కార్తీకం వచ్చేసరికి నీరు తగ్గినా, నల్లరాతి అంచు మీదుగా అది ఇంకా తెల్లగా అంబికలోకి దూకుతూనే ఉన్నది. ఆ హోరు అతనికి నిండుగా వినిపించింది. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

మూడవ నాడు బస్సులో సాపుతారా ఎక్కారు. వాఘయి నుండి యాభై కిలోమీటర్లు. చివరి దూరమంతా మలుపుల మీద మలుపులు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండ గుజరాతుకు ఉన్న ఒకే ఒక వేసవి విడిది. పేరుకు సర్పాల నిలయమని అర్థం. సర్పగంగ ఒడ్డున రాతిపై ఉన్న నాగరూపాన్ని ఆదివాసులు హోళీనాడు పూజిస్తారు. 1960లో గుజరాతు రాష్ట్రం ఏర్పడిన తరువాత దీనిని విహారస్థలంగా తీర్చిదిద్దారు. అంతకుముందు కొండమీద ఉన్న ఆదివాసి కుటుంబాలు పక్కన నవాగామ్‌కు తరలవలసి వచ్చింది. సరస్సులో పడవ షికారు చేసే యాత్రికులకు ఈ సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు.

నిజానికి దీపావళి సెలవులలో సాపుతారా వెళ్లడం అంత తెలివైన పని కాదు. సూరత్, నాసిక్‌ల నుండి వచ్చిన కార్లు రోడ్డంతా నిండి ఉన్నవి. పడవల వద్ద వరుస, తీగమార్గం వద్ద వరుస, మొక్కజొన్న కంకుల వద్ద వరుస. గదుల ధరలు మామూలు నాటికి రెట్టింపు. వారు ఒక ధర్మశాల వరండాలో చోటు సంపాదించి, దుప్పట్లు కప్పుకొని రాత్రి గడిపారు. ఆ చలి మాత్రం సూరత్‌లో జన్మలో దొరకదు.

తెల్లవారుజామున జనం లేవకముందే ఇద్దరూ తూర్పు అంచుకు నడిచారు. అడుగున లోయలో మంచు ఆరవేసిన దూది వలె పరచుకొని ఉన్నది. అక్కడ టీ కాచే ముసలివాడు మాట మీద మాటగా భూగోళం చెప్పాడు. ఈ కొండలే సహ్యాద్రి. సూరత్ పక్కన పారే తాపీకి దక్షిణాన మొదలై కన్యాకుమారి దాకా పోతాయి. ఇక్కడ పడిన వాన అంబికగా మారి పడమటి సముద్రంలో కలుస్తుంది. ఈ రోడ్డు వెంట పోతే ఎనభై కిలోమీటర్లలో నాసిక్. దానిని దాటితే త్ర్యంబకం. గోదావరి పుట్టిల్లు అదే.

ఆ మాట విని ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాళం వేసిన తమ ఇంటి వెనుక పారే నది ఈ కొండల వరుసలోనే, పగటి ప్రయాణమంత దూరంలో పుడుతున్నదని వారికి ఎవరూ చెప్పలేదు. ధర్మపురి రేవులో అతని తల్లి అస్థికలు కలిపి అప్పటికి ఏడాది. అతడు దక్షిణదిశకు తిరిగి చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించింది.

ఎండ పొడ వచ్చింది. లోయలో మంచు విడుతున్నది. ఆమె తల వంచి వినడం గమనించి అతడు అడిగాడు: “ఇప్పుడేం ఇనవడ్తంది?”

ఆమె చెప్పసాగింది. కింద ఊళ్లో కోడి కూసింది. అది తనకూ వినిపించిందన్నాడు. ఎవరో నీళ్లబిందె దించారు. ఎడమ పక్క చెట్టులో ఒక పిట్ట పిలుస్తున్నది, కుడి పక్క మరొకటి బదులిస్తున్నది. గడ్డిలో ఇంకా ఒక కీచురాయి మిగిలి ఉన్నది, రాత్రి అయిపోయిందని దానికి తెలియలేదు. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే అతడు ఆ దిక్కుకల్లా తల తిప్పి చూస్తూ వచ్చాడు. టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రానికి బస్సులో సూరత్ చేరారు. ఆ వారంలోనే కూతురు పట్టుబట్టి తండ్రిని ఆసుపత్రికి తీసుకువెళ్లింది. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు యంత్రం తగిలించి పరీక్ష చేశారు. చేతికిచ్చిన కాగితంపై గీత కొంతదూరం సమంగా పోయి, నాలుగు వేల అంకె దగ్గర ఒక్కసారిగా క్రిందికి జారింది. సాపుతారా ఘాటు అంచులా ఉన్నదని అతడు నవ్వాడు. పోయింది తిరిగి రాదని, ఉన్నదానిని కాపాడుకోవచ్చునని డాక్టరు చెప్పి, చెవులలో పెట్టుకునే మెత్తని బిరడాలు కొనుక్కొమ్మన్నాడు. జత వెల రెండు టీల ఖరీదు.

మగ్గాలకు పూజ జరిగిన నాడు షెడ్డులో కొబ్బరికాయలు పగిలాయి, మిఠాయిలు పంచారు, మీటలు నొక్కారు. మోత మొదలయింది. అతడు జేబులో నుండి పసుపురంగు బిరడాలు తీసి రెండు చెవులలో అమర్చుకున్నాడు. ఎదుటి వరుసలోని మిత్రుడు చేయి తిప్పి ఏమిటవని సైగ చేశాడు. అతడు రెండు బొటనవేళ్లు కలిపి, తక్కిన వేళ్లను రెక్కల వలె అల్లల్లాడించి చూపి, మూడవ మగ్గం మీద తెగిన పోగు ముడివేయడానికి వంగాడు.